ఆసుపత్రి నుంచి కేస్ షీట్ నకలు తీసుకోవడం, అందులోని వివరాలను కాపాడుకోవడం

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీ చికిత్స సారాంశం మాత్రమే. నర్సులు నింపిన చార్టులు, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు వివరాలు, మనం సంతకం చేసిన అంగీకార పత్రాలు కేస్ షీట్‌లో ఉంటాయి. మరో వైద్యుని అభిప్రాయం కోరినప్పుడైనా, బీమా సొమ్ముపై వివాదం వచ్చినప్పుడైనా అక్కరకు వచ్చేది అదే.

2002 నాటి భారత వైద్య మండలి వృత్తి నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన సహాయకుడు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలన్నదే ఆ నియమం కాబట్టి, ఎప్పుడో అవసరమైనప్పుడు చూద్దామని ఊరుకోవడం మంచిది కాదు.

నోటిమాటగా అడగవద్దు. రోగి పేరు, ఐపీ నంబరు (ఇన్‌పేషెంటుగా చేరినప్పుడు ఇచ్చే సంఖ్య), చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ, కావలసిన కాగితాల జాబితా రాసి రెండు ప్రతులు తయారు చేసుకోండి. ఒకటి మెడికల్ రికార్డుల విభాగంలో ఇచ్చి, రెండోదానిపై తేదీతో సహా ముద్ర వేయించుకోండి. గడువు దాటిందని రుజువు చేయడానికి ఆ ముద్ర పనికొస్తుంది. రోగి స్వయంగా రాలేకపోతే, సంతకంతో కూడిన అధికార పత్రమూ ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లూ జతచేయండి. అప్పటికీ ఇవ్వకపోతే సూపరింటెండెంటుకు, ఆపైన రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేయవచ్చు.

గోప్యత విషయానికి వస్తే, కోర్టు ఆదేశం ఉన్నప్పుడు, ఒక నిర్దిష్ట వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల విషయంలో తప్ప వైద్యుడు రోగి రహస్యాలను బయటపెట్టరాదని ఆ నియమావళే చెబుతోంది. హెచ్‌ఐవీ స్థితికి 2017 నాటి ప్రత్యేక చట్టం మరింత గట్టి రక్షణ ఇస్తోంది.

అయితే నా దృష్టిలో వివరాలు ఎక్కువగా బయటకు పొక్కేది మంచం దగ్గరే. పరామర్శకు వచ్చిన బంధువులు మనవాళ్లమే కదా అనుకుని ఫైలు తిరగేస్తారు, రిపోర్టు ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెడతారు. ప్రేమతో చేసినా అది రోగి అనుమతి లేకుండా చేసిన పనే. అందుకే చేరిన రోజునే, తన విషయం ఎవరికి చెప్పవచ్చో, ఎవరికి చెప్పకూడదో రోగి డ్యూటీ డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. సున్నితమైన విషయమైతే వార్డులో అందరి ముందు కాకుండా విడిగా మాట్లాడమని అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

ఓపీ కౌంటర్లో అడిగే 14 అంకెల ఆభా సంఖ్య (ఆయుష్మాన్ భారత్ డిజిటల్ ఆరోగ్య ఖాతా సంఖ్య) ఐచ్ఛికం. దాని ద్వారా రికార్డులు పంచుకోవడానికి మీ సమ్మతి కావాలి, ఇచ్చిన సమ్మతిని తర్వాత ఉపసంహరించుకోవచ్చు కూడా. ఫోన్‌కు వచ్చిన ఓటీపీని దేనికోసమో తెలుసుకోకుండా చెప్పవద్దు. బీమా ఫారంలో రికార్డులు చూసే అధికారం ఎవరికి, ఎంతవరకు ఇస్తున్నారో చదివాకే సంతకం చేసి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.