న్యూట్రల్ వైరు కాలుతోందా? కెపాసిటర్ ప్యానెల్ కొనే ముందు ఇది చూడండి

విశాఖ ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ ల్యాబ్ అనుకోండి. సిస్టమ్స్‌ని మూడు ఫేజులకీ సమానంగా పంచారు, ఏ ఫేజులోనూ కరెంటు ఎక్కువ లేదు, అయినా బోర్డు తెరిస్తే న్యూట్రల్ లింక్ దగ్గర ఇన్సులేషన్ గోధుమరంగుకి తిరిగి, కాలిన వాసన కొడుతోంది.

ముందు న్యూట్రల్‌కి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు) పెట్టండి, అదీ ఆకారం చెడిన కరెంటునీ సరిగ్గా కొలిచే ట్రూ ఆర్ఎంఎస్‌ది. మామూలు చౌక మీటరు ఇలాంటి కరెంటుని బాగా తక్కువ చూపించి మనల్ని బుట్టలో వేస్తుంది. ఫేజు కరెంటు కంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ కనిపిస్తే కారణం సిస్టమ్స్‌లోని ఎస్ఎంపీఎస్‌లే, అంటే మెయిన్స్‌ని డీసీగా మార్చిచ్చే పవర్ సప్లైలే. పాత రకం ఎస్ఎంపీఎస్‌లో డయోడ్ బ్రిడ్జి, దాని వెనక పెద్ద కెపాసిటర్, అంతే. ఆ కెపాసిటర్ దాదాపు నిండుగానే ఉంటుంది కాబట్టి, మెయిన్స్ వోల్టేజీ 325 వోల్టుల శిఖరానికి చేరే కాసేపే కరెంటుని గబుక్కున లాగుతుంది. లాగిన కరెంటులో ఎంత భాగం పనికొస్తోందో చెప్పే పవర్ ఫ్యాక్టర్ 0.6, 0.7 దగ్గరే ఆగిపోతుంది. ఈ తునకల కరెంటులో 150 హెర్ట్జ్ థర్డ్ హార్మోనిక్ (మెయిన్స్ 50 హెర్ట్జ్‌కి మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం) ఎక్కువ. మూడు ఫేజుల్లోని ఆ భాగం న్యూట్రల్‌లో కొట్టుకుపోదు, ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది, ఫేజు కరెంటుకి 1.7 రెట్ల దాకా వెళ్ళొచ్చు.

ఇక్కడే చాలామంది పవర్ ఫ్యాక్టర్ పెంచడానికని కెపాసిటర్ ప్యానెల్ పెట్టేస్తారు. గాజువాక ఆటోనగర్‌లో మోటార్లకి అది పనిచేస్తుంది, అక్కడ కరెంటు వోల్టేజీ కంటే వెనకబడుతోంది కాబట్టి. ఇక్కడ కరెంటు వెనకబడలేదు, ఆకారమే చెడింది. పైగా ట్రాన్స్‌ఫార్మర్‌తో రెజొనెన్స్ వస్తే (రెండూ ఒకే ఫ్రీక్వెన్సీకి కలిసి ఊగితే) ఉన్న హార్మోనిక్ ఇంకా పెరిగి కెపాసిటర్లే ఉబ్బుతాయి. మోటార్లు కూడా ఉండి ప్యానెల్ తప్పదనుకుంటే డీట్యూన్డ్ రియాక్టర్‌తో (ఆ రెజొనెన్స్ రాకుండా కెపాసిటర్‌కి సిరీస్‌లో పెట్టే కాయిల్) తీసుకోండి. థర్డ్ హార్మోనిక్ గట్టిగా ఉన్నచోట మామూలు 7 శాతం రియాక్టర్ కాదు, 14 శాతంది అడగండి.

అసలు మందు యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ని సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్. అందులో వోల్టేజీని పెంచే బూస్ట్ సర్క్యూట్ కరెంటుని వోల్టేజీ ఆకారంలోనే లాగుతూ, లోపల 380-400 వోల్టుల డీసీ తయారుచేస్తుంది. లోడు మీద పవర్ ఫ్యాక్టర్ 0.95 పైనే. పీసీ సప్లై వెనక 115/230 ఎర్ర స్విచ్ ఉంటే అది యాక్టివ్ పీఎఫ్‌సీ కాదు. అన్నీ మార్చేలోపు న్యూట్రల్ వైరుని లావుది వేయించండి, లూజు లింకులు బిగించండి.

మార్చాక కరెంటు పోగానే సిస్టమ్ ఆగిపోతోందా? సప్లైని అనుమానించకండి. చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల వేవ్ కొన్ని పీఎఫ్‌సీ సప్లైలకి పడదు. ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ పెట్టి చూడండి.

పీఎఫ్‌సీ ఉన్నా పవర్ ఫ్యాక్టర్ పడిపోతే లోడు పెట్టి పెద్ద కెపాసిటర్ మీద డీసీ కొలవండి. ప్రాణాలు తీసే వోల్టేజీ, అలవాటు లేనివాళ్ళు చెయ్యి పెట్టొద్దు. 385 ప్రాంతంలో ఉండాల్సింది 320 దగ్గరే ఉంటే బూస్ట్ నడవడం లేదు. వోల్టేజీని సెన్స్ చేసే మెగాఓమ్ రెసిస్టర్లు ముందు చూడండి. ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు వైపు నుంచి వచ్చే బోర్డుల మీద ఉప్పుగాలికి దుమ్ము తడిసి అతుక్కుంటుంది, అంత పెద్ద రెసిస్టర్ల దగ్గర ఆ కాస్త లీకేజీ చాలు రీడింగ్ తప్పడానికి. ప్లగ్గు తీసేసి, కెపాసిటర్‌ని 10 కిలోఓమ్, 10 వాట్ రెసిస్టర్‌తో ఖాళీ చేసి, సున్నాకి వచ్చిందని మీటరుతో చూసుకున్నాకే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి ఆరబెట్టండి.

ఫ్యూజ్ పోయి ఉంటే మాత్రం మాస్‌ఫెట్, బూస్ట్ డయోడ్, బ్రిడ్జి మూడూ చెక్ చేయాలి. కొత్తవి వేశాక నేరుగా ప్లగ్గులో పెట్టకుండా 100 వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టి, లోడు లేకుండా ఆన్ చేయండి. ఒక్కసారి వెలిగి తగ్గితే సరే, అలాగే వెలుగుతూ ఉంటే ఇంకా షార్ట్ ఉంది.