కళాశాల ఫుట్‌బాల్‌లో రక్షణ ఆటగాడి ప్రతిభను ఎలా అంచనా వేయాలి?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి ఎవరి చేతిలో ఉంటే చూసేవారి కన్ను అటే పోతుంది కనుక, ఆ బంతిని ఆపేవాడి ఘనత కొత్తగా ఆట చూసేవారికి త్వరగా అందదు. అక్కడి విశ్వవిద్యాలయాలకు చదువుకోవడానికి వెళ్లే మన విద్యార్థులకైనా, ఇక్కడి నుంచి వీడియోల్లో ఆట చూసేవారికైనా ఈ ఇబ్బంది ఒకటే. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడిన ఎన్‌డాముకెన్ సూ ఉదాహరణగా, రక్షణ ఆటగాడి కళాశాల దశను ఎలా పరిశీలించాలో చూద్దాం.

మొదట ఆటగాడి స్థానం తెలుసుకోవాలి. దాడి చేసే జట్టు నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు సాగాలి. సాగనివ్వకపోవడమే రక్షణ జట్టు పని. సూ ఆడిన డిఫెన్సివ్ ట్యాకిల్ స్థానం రక్షణ వరుసకు నడుమ ఉంటుంది. అక్కడ నిలిచినవాణ్ణి ఆపడానికి ప్రత్యర్థులు తరచుగా ఇద్దరిని పెడతారు కాబట్టి, అతని పేరున అంకెలు నమోదు కాకపోయినా, అతని వల్ల పక్కనున్న సహచరులకు దారి దొరుకుతుంది. కబడ్డీలో గట్టి కార్నర్ ఆటగాడున్న వైపు రైడర్ వెళ్లకుండా తప్పించుకున్నప్పుడు కూడా ఆ ఆటగాడి ఖాతాలో పాయింటు పడదు కదా.

తరువాత సీజన్లను వరుసగా పెట్టి చూడాలి. దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడు క్వార్టర్‌బ్యాక్. అతన్ని బంతి విసరకముందే, ఆ ప్రయత్నం మొదలైన గీతకు వెనుకనే పడగొట్టడాన్ని సాక్ అంటారు. 2007లో సూ పేరున ఉన్న సాక్ ఒకే ఒక్కటి. బో పెలీని శిక్షకుడిగా వచ్చిన 2008లో ఆ సంఖ్య 7.5కు, 2009లో 12కు చేరింది. ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం లెక్కిస్తారు కాబట్టి అర అంకెలు వస్తాయి. ఇలాంటి పెరుగుదల కనిపించినప్పుడు ఆటగాడితోపాటు శిక్షకుడూ రక్షణ పద్ధతీ మారాయా అని విచారించడం అవసరం.

సాక్‌ల దగ్గరే ఆగిపోకూడదు. 2009లో సూ 85 ట్యాకిళ్లు (బంతి పట్టుకున్నవాణ్ణి పడగొట్టడం) చేశాడు, 10 పాసులను (సహచరుడికి విసిరిన బంతులను) అడ్డుకున్నాడు, 3 కిక్‌లను నిలువరించాడు. అంతకుముందు సీజన్‌లో రెండు పాసులను మధ్యలోనే అందుకొని రెండింటినీ టచ్‌డౌన్‌లుగా (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి పాయింట్లు సాధించడం) మలిచాడు. సుమారు 300 పౌండ్ల బరువుండి నడి వరుసలో పోరాడే ఆటగాడికి ఇవి అరుదైన పనులు. నా దృష్టిలో అతని ప్రత్యేకతకు సాక్‌ల కన్నా ఇవే బలమైన సాక్ష్యం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక పెద్ద మ్యాచ్‌ను మొదటి నుంచి చివరి దాకా చూడటం. 2009 డిసెంబరు 5న ఆర్లింగ్టన్‌లో, అప్పటివరకు ఓటమి ఎరుగని టెక్సస్ విశ్వవిద్యాలయ జట్టుతో జరిగిన బిగ్ 12 (ఈ రెండు జట్లూ అప్పట్లో ఆడిన విశ్వవిద్యాలయాల కూటమి) ఫైనల్ ఇందుకు తగినది. ఆ రోజు సూ 12 ట్యాకిళ్లు చేశాడు. వాటిలో 7 గీత వెనుక చేసినవి, సాక్‌లు 4.5. చివరి క్షణంలో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం) టెక్సస్ 13-12 తేడాతో గెలిచింది, అయినా మ్యాచ్ తర్వాత ఎక్కువగా వినిపించింది ఓడిన జట్టులోని ఈ ఆటగాడి పేరే. చూసేటప్పుడు ప్రతి ప్రయత్నం మొదలవగానే బంతిని వదిలి సూ మీదే దృష్టి నిలపాలి: అతన్ని ఎందరు అడ్డుకుంటున్నారు, టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ కోల్ట్ మెకాయ్ ఎటు తప్పుకుంటున్నాడు, ఎంత తొందరగా బంతిని వదిలేస్తున్నాడు అన్నది గమనించాలి. మొదటిసారి గందరగోళంగా ఉంటుంది కాబట్టి వేగం తగ్గించి మళ్లీ చూడటం మేలు.

అవార్డులను కొంత జాగ్రత్తగా తూచాలి. సూ ఆ ఏడాది అవుట్‌లాండ్, లొంబార్డీ, నగర్స్కీ, బెడ్నారిక్ పురస్కారాలు అందుకొని, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఉత్తమ కళాశాల ఆటగాడిగా ఎంపికైన తొలి రక్షణ ఆటగాడయ్యాడు. కళాశాల ఫుట్‌బాల్‌లో ఏటా మేటి ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో మాత్రం నాలుగో స్థానమే దక్కింది. మూడో స్థానంలో నిలిచినవాడు, వారం కిందటే అతని చేతిలో పదేపదే నేలకరచిన మెకాయ్! ఆ ట్రోఫీ బంతి పట్టేవారి వైపే మొగ్గుతుందని తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యమేమీ లేదు.

వృత్తి క్రీడాజీవితాన్ని చివరన మాత్రమే చూడాలి. వృత్తి జట్లు కళాశాల ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010లో డెట్రాయిట్ లయన్స్ జట్టు సూను రెండో ఎంపికగా తీసుకుంది, అదే ఏడాది అతను ఉత్తమ రక్షణ నవాగంతుకుడిగా నిలిచాడు. అయితే కళాశాలలో మెరిసిన ఎందరో ఆ స్థాయికి చేరలేదు. అంతమాత్రాన వారి కళాశాల సీజన్ విలువను తగ్గించి లెక్కించకూడదు.