వానలు పడకముందే బైకు టైర్లు చేత్తో తడిమి చూడండి

నా బైకు వెనక టైరు బాగానే ఉందని చాలా రోజులు అనుకున్నాను. బండి ఎప్పుడూ సైడ్ స్టాండ్ మీదే ఉండేది. ఎక్కినా దిగినా ఎడమ పక్క నుంచే కాబట్టి నా కళ్లకు కనిపించేదీ ఆ పక్కే. అటు గాడులు లోతుగానే ఉన్నాయి. మొదటి వాన పడిన రోజు మలుపు తిరుగుతుంటే, రోడ్డు మీద వేసిన తెల్ల గీతల దగ్గర వెనక చక్రం జర్రున పక్కకు జారింది. కాలు ఆనించి ఎలాగో నిలదొక్కుకున్నాను. ఇంటికొచ్చి మెయిన్ స్టాండ్ వేసి చక్రం తిప్పి చూస్తే కుడి పక్క గుండులా నున్నగా ఉంది. చైన్ బిగించినప్పుడు వెనక చక్రం ఇరుసుకు రెండు పక్కలా ఉండే సర్దుబాటు గీతలు సమానంగా పెట్టకపోవడంతో చక్రం కొద్దిగా వంకరగా తిరుగుతూ ఒక పక్కే అరిగిపోయింది.

అరిగిన టైరు పొడి రోడ్డు మీద బాగానే పట్టుకుంటుంది. మనం మోసపోయేది అక్కడే. గాడులు ఉన్నది నీటిని పక్కలకు తోసేయడానికి. వాటి లోతు తగ్గితే నీటికి పోయే దారి ఉండదు. టైరుకూ రోడ్డుకూ మధ్య నీటి పొర నిలిచిపోతుంది, బ్రేక్ వేసినా హ్యాండిల్ తిప్పినా బండి మాట వినదు. మొదటి వాన ఇంకా ప్రమాదం. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము అప్పుడే తడిసి జారుడుగా తేలతాయి. అందుకే ఈ పని వానలు మొదలయ్యాక కాదు, ఇప్పుడే చేయాలి.

ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, మెయిన్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. చైన్‌కు వేళ్లు దూరంగా ఉంచండి. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణం గుర్తో, అరుగుదల హద్దును చూపే టీడబ్ల్యూఐ (TWI) అన్న అక్షరాలో కనిపిస్తాయి. దానికి ఎదురుగా గాడిలోకి చూస్తే అడుగున చిన్న మెట్టు లాంటిది ఉంటుంది. చాలా బైకు టైర్లలో దాని ఎత్తు 0.8 మిల్లీమీటర్లు. పైభాగం అరిగి ఆ మెట్టుతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. ఒక్కచోట అలా కనిపించినా చాలు, మిగతా చోట్ల లోతు ఎంతున్నా లెక్కలోకి రాదు. నా మటుకు నేను అంతదాకా ఆగను. 2 మిల్లీమీటర్ల కంటే తగ్గితే వానలకు ముందే మార్చేస్తాను.

ఇక అరచేతిని టైరు మీద ఆనించి ముందు ఒక వైపుకు, తర్వాత వెనక్కి నిమరండి. తీగలు బయటికి వచ్చి ఉంటే చెయ్యి కోసుకుంటుంది కాబట్టి ముందు కళ్లతో చూసుకోండి. ఒక వైపు నిమిరితే నున్నగా, రెండో వైపు నిమిరితే రంపం పళ్లలా తగిలితే, లేదా మధ్యమధ్యలో గుంటలు పడినట్టుంటే టైరు ఎగుడుదిగుడుగా అరుగుతోందన్నమాట. ముందు చక్రానికి ఇది ఎక్కువ. గాలి తక్కువగా ఉండడం, షాక్ అబ్జార్బర్లు వదులవడం, చక్రం బ్యాలెన్స్ తప్పడం దీనికి మామూలు కారణాలు.

వెనక టైరు తీరు వేరు. ఎక్కువగా తిన్నని రోడ్డు మీదే తిరిగే బండికి మధ్యలో అరిగి, గుండ్రంగా ఉండాల్సిన టైరు బల్లపరుపుగా తయారవుతుంది. గాలి ఎక్కువైనా అంతే. అలాంటి టైరుతో మలుపులో బండి వాలనని మొండికేసి, అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోతున్నట్టు వాలుతుంది. అది తడి రోడ్డు మీదైతే సర్దుకునే టైమ్ ఉండదు. ఒక్కచోట మాత్రమే మచ్చలా అరిగి ఉంటే, వెనక బ్రేక్ గట్టిగా తొక్కి చక్రాన్ని ఈడ్చిన గుర్తు అది.

అనుమానంగా ఉంటే సుద్దముక్కతో టైరుకు అడ్డంగా ఒక గీత గీసి, బండిని తిన్నగా కొన్ని మీటర్లు తోయండి. సుద్ద ఎక్కడ చెరిగిందో, రోడ్డును తాకుతున్నది ఆ భాగమే. ఒక పక్కకే చెరిగితే చైన్ సెట్టింగ్ చూపించండి. కారణం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది.

గాడులు బాగున్నా కొన్ని టైర్లు మార్చాల్సిందే. పక్క గోడ ఉబ్బినా, తెగినా, లోపలి పోగులు కనిపించినా, పక్క గోడకు పంక్చర్ అయినా ఆ టైరుతో ఇక బయలుదేరొద్దు. వయసు కూడా చూడండి. పక్క గోడ మీద డీఓటీ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివరి నాలుగు అంకెల్లో, మొదటి రెండు అంకెలు టైరు తయారైన వారాన్ని, తర్వాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఐదేళ్లు దాటిన టైరును ఏటా చూపించండి, పగుళ్లుంటే మార్చేయండి. అరిగిన టైరుకు కత్తితో కొత్త గాడులు కోయించే పని మాత్రం ఎప్పుడూ వద్దు.

వానకు గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరంటారు. అది తప్పు. గాలి తగ్గితే గాడులు ముడుచుకుపోయి నీరు సరిగా బయటికి పోదు. బండి మాన్యువల్‌లో చెప్పిన గాలినే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసి పట్టించండి. టైరు మీద రాసి ఉండే గరిష్ఠ అంకె బండికి పట్టించాల్సింది కాదు.

కొత్త టైరు వేయించేటప్పుడు పక్క గోడ మీది బాణం చక్రం తిరిగే దిశలోనే ఉందో లేదో నిలబడి చూసుకోండి. ట్యూబ్ టైరైతే ట్యూబ్ కూడా కొత్తది వేయించండి. కొత్త టైరు పైభాగం మొదట్లో నున్నగా జారుతుంది. మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయకుండా, మలుపుల్లో ఎక్కువ వాల్చకుండా నడపండి. వీలైతే ఆ దూరం పొడి రోడ్డు మీదే పూర్తయ్యేలా, వానలకు కనీసం రెండు వారాల ముందే టైరు మార్పించుకోండి.