మొదటి చలికాలం రాకముందే కారు కూలెంట్ మార్చుకోండి: షికాగో వైపు కొత్తగా వచ్చినవారికి

ఆగస్టులో షికాగో చుట్టుపక్కల దిగినవాళ్ళు సెప్టెంబరు నెలాఖరుకల్లా ఒక పాత కరోలానో, సివిక్కో కొనేస్తారు. చాలామంది ఇండియా వెళ్ళిపోతున్న సీనియర్ల దగ్గరో, వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి మారిపోతున్నవాళ్ళ దగ్గరో, వాట్సాప్ గ్రూపులో చూసి కొంటారు. టైర్లు చూస్తారు, బ్రేకులు చూస్తారు, ఆయిల్ ఎప్పుడు మార్చారని అడుగుతారు. కూలెంట్ గురించి అడిగినవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. నేనూ అడగలేదు.

మన దగ్గర ఆ అలవాటు లేదు. మా నాన్న జీపు బానెట్ ఎత్తి, రేడియేటర్‌లో చెంబుతో నీళ్ళు పోసి, మూత బిగించి బయల్దేరేవారు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే దారిలో, సూర్యాపేట దగ్గర ఆగిన లారీల క్లీనర్లూ అదే పని చేస్తుంటే చూస్తూ పెరిగాను. మన ఎండలకి ఇంజన్ మరిగిపోకుండా ఉంటే చాలు, ఆ పని నీళ్ళతో గడిచిపోయేది. ఇక్కడ ఆ నీళ్ళే గడ్డకడతాయి. గడ్డకట్టే నీళ్ళు దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకి ఇంజన్ బ్లాకు కూడా పగులుతుంది. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హైట్ నమోదైంది, మన లెక్కలో మైనస్ 31 సెల్సియస్. అంత చలి ఏటా రాదు. వచ్చిన రోజు మాత్రం మీ బండి బయట పార్కింగ్‌లోనే ఉంటుంది.

కూలెంట్ అంటే రంగు నీళ్ళు కాదు. ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం, నీళ్ళు, తుప్పు పట్టకుండా ఆపే మందులు కలిసిన మిశ్రమం. సగం గ్లైకాల్, సగం నీళ్ళు ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ఎక్కువ పోస్తే ఇంకా మంచిది కదా అని నీళ్ళు కలపకుండా పోసేవాళ్ళున్నారు, అది తప్పు. ఒట్టి గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా వేడిని నీళ్ళంత బాగా మోయలేదు. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

రంగు చూసి కొనకండి. గులాబీ, నీలం, నారింజ, ఆకుపచ్చ రంగులు కంపెనీలు పెట్టుకున్న గుర్తులే, వాటికి ఒక నియమం అంటూ లేదు. ఈ తరం టొయోటాలకి గులాబీ రంగు సూపర్ లాంగ్ లైఫ్, హోండాలకి నీలం రంగు టైప్ 2 వస్తాయి. రెండూ నీళ్ళు కలిపేసిన డబ్బాలే. బయటి కంపెనీలవి కొనాలంటే డబ్బా మీద ఆసియా కార్లకి అని, మీ బండి పేరు, సంవత్సరం ఉన్నాయో లేదో చూడండి. టొయోటా చెప్పే గడువు మొదటిసారి లక్ష మైళ్ళు లేదా 10 ఏళ్ళు, ఆ తర్వాత ప్రతి 50 వేల మైళ్ళకి లేదా 5 ఏళ్ళకి. మూడు చేతులు మారిన బండికి ఆ లెక్క ఎవరి దగ్గరా ఉండదు. అందుకే పాత బండి కొంటే గడువు దాటిపోయిందనే అనుకోండి.

ఈ పని మీరే చేసుకోవచ్చు. శనివారం ఒక పూట పడుతుంది. అక్టోబరు మొదటివారంలో చేయండి, చేతులు కొంకర్లుపోయే చలి వచ్చేలోపల. కానీ ఎక్కడ చేస్తారన్నది ముందు తేల్చుకోండి. చాలా అపార్ట్‌మెంట్ల లీజులో పార్కింగ్‌లో బండి రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది, ఒకసారి చదవండి. సొంత ఇల్లున్న తెలిసినవాళ్ళ డ్రైవ్‌వే అడగడం మేలు. ఆరోరా బాలాజీ గుడిలో పరిచయమైన ఒక అన్నయ్య ఇంటి ముందే నేను నేర్చుకున్నాను. ఎఫ్-1 వీసా మీద ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఇంకో మాట: మీ బండి మీరు బాగుచేసుకోండి, స్నేహితుడికి ఊరికే సాయం చేయండి. డబ్బు తీసుకుని చేస్తే మాత్రం అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది. 50 డాలర్ల కోసం వీసాని ఇరకాటంలో పెట్టుకోవద్దు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. ఇదంతా రాయడానికి కారణం అదే.

మొదటిసారి నా కరోలా రేడియేటర్ విప్పితే కాఫీ రంగు నీళ్ళు వచ్చాయి. అంతకుముందు ఎవరో మామూలు నీళ్ళు పోస్తూ వచ్చారన్నమాట. శుభ్రంగా కడగాలని డిస్టిల్డ్ వాటర్ పోసి, ఇంజన్ తిప్పి, కిందికి వదిలేసి, మళ్ళీ పోసి, మూడుసార్లు కడిగాను. నాలుగోసారికి తేటగా వచ్చాయి. అప్పుడు 50/50 అని రాసి ఉన్న డబ్బా తెచ్చి, పట్టినంత పోసి, మూత బిగించాను. ఎంతో తృప్తిగా అనిపించింది. జనవరిలో మైనస్ 23 సెల్సియస్ ఉన్న ఉదయం పనికి బయల్దేరాను. హీటర్ నుంచి చల్లగాలే వస్తోంది. బయట అంత చలి, లోపల ఉష్ణోగ్రత ముల్లు మాత్రం హెచ్ వైపు పాకుతోంది. అది ఎలా సాధ్యమో అర్థం కాక, టెన్షన్‌తో బండి పక్కకి ఆపి ఇంజన్ కట్టేశాను. టో ట్రక్కు కోసం గంటకి పైగా నిలబడ్డాను, కాళ్ళ వేళ్ళు తెలియకుండా పోయాయి. గ్యారేజీలో బండి వెచ్చబడ్డాక మెకానిక్, కూలెంట్ ఎంత చలిదాకా గడ్డకట్టదో చూపించే టెస్టర్‌లోకి కాస్త కూలెంట్ పీల్చి నాకే చూపించాడు. ముల్లు 10 ఫారెన్‌హైట్ దగ్గర ఆగింది. అంటే మైనస్ 12 సెల్సియస్ దాకానే దానికి రక్షణ. ఆ రాత్రంతా బయట ఉన్న బండి రేడియేటర్లో కూలెంట్ మంచు గుజ్జులా మారింది. గుజ్జు కదలదు, వేడిని ఇంజన్ నుంచి మోసుకెళ్ళదు. అందుకే గడ్డకట్టే చలిలో ఇంజన్ మరిగింది. బ్లాకు పగలలేదు, అది నా అదృష్టం.

ఎక్కడ తప్పిందో చూడండి. లెక్క తేలిక కోసం బండిలో మొత్తం 6 లీటర్లు పడతాయనుకుందాం. రేడియేటర్ కింది ప్లగ్గు విప్పితే వచ్చేది ఇంచుమించు సగమే. మిగతా 3 లీటర్లు ఇంజన్ బ్లాకులో, హీటర్ గొట్టాల్లో ఉండిపోతాయి. నీళ్ళతో కడిగితే ఆ ఉండిపోయినవి ఒట్టి నీళ్ళు. వాటి మీద 50/50 పోస్తే మొత్తంలో గ్లైకాల్ పావువంతే అవుతుంది. సగం సగం అని డబ్బా మీద రాసి ఉన్నా బండిలో చేరాక సగం ఉండదు. నీళ్ళతో కడిగితే తర్వాత పోయాల్సింది నీళ్ళు కలపని కాన్సంట్రేట్, మొత్తం కొలతలో సగం. 6 లీటర్ల బండికి 3 లీటర్ల కాన్సంట్రేట్ ముందు పోసి, ఖాళీ మిగిలితే డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. మీ బండి కొలత ఓనర్స్ మాన్యువల్ చివర్లో ఉంటుంది. క్వార్ట్ మన లీటరుకి కాస్త తక్కువ, గ్యాలన్ 3.8 లీటర్లు.

అందుకే నా సలహా ఇది. మూత తీస్తే కూలెంట్ తేటగా, రంగు మారకుండా ఉందా? అయితే నీళ్ళతో అసలు కడగొద్దు. ఉన్నది కిందికి వదిలేసి, అదే రకం 50/50 పోయండి. రెండు మూడు వారాలు నడిపాక ఇంకోసారి అలాగే కిందికి వదిలేసి, కొత్తది పోయండి. పాతది పావువంతు మిగులుతుంది, గాఢత మాత్రం ఎక్కడా తగ్గదు. తుప్పు రంగు, మడ్డి ఉంటేనే నీళ్ళతో కడగాలి. పైన నూనె తెట్టు కనిపించినా, ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటిది ఉన్నా ఆగిపోండి. ఇంజన్‌లో ఆయిల్, కూలెంట్ కలిసిపోకుండా ఆపే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు, అది ఇంట్లో తేలే పని కాదు. ప్రియస్ లాంటి హైబ్రిడ్ బండ్లు కూడా వదిలేయండి. వాటిలో ఇన్వర్టర్‌కి వేరే కూలెంట్ ఉంటుంది. 2004 నుంచి 2009 వరకు వచ్చిన ప్రియస్‌లో వేడి కూలెంట్‌ని దాచే ఫ్లాస్కులాంటి ట్యాంకు కూడా ఉంది.

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి, రాత్రంతా ఆగిన బండి అయితే మరీ మంచిది. వేడి మీద మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది. ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. బండి ముందు భాగం ఎత్తాలంటే ర్యాంపులు వాడండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి దూరకండి, జాక్ స్టాండ్లు పెట్టండి.

రేడియేటర్ కింద వెడల్పాటి ట్రే పెట్టి, పైన మూత తీసి, కింది మూలలో ఉన్న ప్లాస్టిక్ డ్రెయిన్ ప్లగ్గుని చేత్తో తిప్పండి. పాతబడ్డ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, ప్లయర్‌తో బలవంతం చేస్తే తల విరుగుతుంది. మొదట చుక్కలు, తర్వాత సన్నటి ధార. పైమూత తీసి ఉంటేనే ధార పడుతుంది. వచ్చింది ఎంతో కొలవండి, ఎందుకంటే అంత మళ్ళీ లోపలికి వెళ్ళాలి. పక్కనున్న రిజర్వాయర్ డబ్బా అడుగున మడ్డి పేరుకుంటుంది, దాన్నీ తీసి కడగండి. కుళాయి నీళ్ళు వద్దు. ఈ ప్రాంతంలో నీళ్ళు కఠినం, టీ కెటిల్‌లో పేరుకునే తెల్ల పొరే రేడియేటర్లోనూ పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ గ్యాలన్ కిరాణా షాపులోనే చవకగా దొరుకుతుంది.

నింపేటప్పుడు అసలు శత్రువు గాలి. రేడియేటర్ నోటికి బిగించే పెద్ద గరాటు ఒకటి దొరుకుతుంది, దాన్ని సగం నింపి పెట్టండి. హీటర్‌ని పూర్తి వేడికి తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయండి. గ్యారేజీలో చేస్తుంటే బండిని ముందు బయటికి తీయండి. మూసిన గ్యారేజీలో ఇంజన్ నడిస్తే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, వాసన కూడా రాదు. కాసేపటికి గరాటులో బుడగలు మొదలవుతాయి, ముందు చిన్నవి, తర్వాత గుడగుడమంటూ పెద్దవి. ఇంజన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌ వైపు వదిలే థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు, అంటే 80 సెల్సియస్ దాటాక, గరాటులో మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. కంగారుపడకుండా పోస్తూ ఉండండి. ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగి, బుడగలు పూర్తిగా ఆగి, హీటర్ నుంచి వేడిగాలి నిలకడగా వస్తే గాలి పోయినట్టే. ఇంజన్ చల్లారాక మూత బిగించండి. మర్నాడు ఉదయం మట్టం చూస్తే కొంచెం తగ్గి ఉంటుంది, నింపండి. వారం పాటు రోజూ చూడండి.

చివర్లో టెస్టర్ వాడటం మర్చిపోవద్దు. ఆటో పార్ట్స్ షాపుల్లో 10 డాలర్ల లోపు వస్తుంది. రెండు రోజులు నడిపాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ నుంచి పీల్చి చూడండి. మైనస్ 30 ఫారెన్‌హైట్ లేదా ఇంకా కిందికి చూపిస్తేనే ఇక్కడ నిశ్చింత. నా దగ్గర ఆ 10 డాలర్ల వస్తువు ఉంటే ఆ ఉదయం రోడ్డు పక్కన నిలబడేవాడిని కాదు. మీరు కొనండి.

పాత కూలెంట్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు, కుక్కలు నాకుతాయి. ఇప్పుడు తయారీదారులు చేదు కలుపుతున్నా విషం విషమే, మూత్రపిండాలు పాడవుతాయి. ట్రేని ఒక్క నిమిషం కూడా అలా వదిలి లోపలికి వెళ్ళకండి. నేల మీద పడిన చుక్కల మీద పిల్లులకి వాడే ఇసుక చల్లి ఎత్తేయండి. ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా వెంటనే 1-800-222-1222కి ఫోన్ చేయండి, అది అమెరికా అంతటా పనిచేసే పాయిజన్ హెల్ప్‌లైన్. మనిషి స్పృహలో లేకపోతే 911.

వీధి పక్కన ఇనుప జాలీ ఉన్న కాలువలో మాత్రం పోయకండి, చాలాచోట్ల అవి నేరుగా వాగుల్లోకి, నదుల్లోకి పోతాయి. ఖాళీ అయిన కూలెంట్ డబ్బాలోనే గరాటుతో నింపి, మూత బిగించి, పైన పేరు రాయండి. అందులో ఇంజన్ ఆయిల్ కలపకండి. నేపర్‌విల్‌లో ఇళ్ళ నుంచి వచ్చే ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రం ఉంది, షికాగో నగరంలో గూస్ ఐలాండ్‌లో ఇంకొకటి. వెళ్ళేముందు వేళలు చూసుకోండి. నేను నేపర్‌విల్‌కే వెళ్తాను. లైన్లో బండి ఆపి డిక్కీ తెరిస్తే వాళ్ళే వచ్చి తీసుకుంటారు.

ఇంటికొచ్చాక బానెట్ లోపలి వైపు ఒక టేపు ముక్క అంటించి, తేదీ, మైళ్ళు, పోసిన కూలెంట్ పేరు, టెస్టర్ చూపించిన అంకె రాయండి. రేపు మీ దగ్గర బండి కొనే కుర్రాడు కూలెంట్ గురించి అడగకపోవచ్చు, మీరే బానెట్ ఎత్తి చూపించండి.