టీనేజ్ నవలల్ని రైటర్‌లా ఎలా చదవాలి, వాటి నుంచి మన రైటింగ్ గోల్స్ ఎలా పెట్టుకోవాలి

టీనేజ్ పిల్లల కోసం ఒక నవల రాయాలనుంది అనేవాళ్ళు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు, నాకైతే చాలా సంతోషం, ఎందుకంటే తెలుగులో 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి రాసేవాళ్ళు బాగా తక్కువ, పిల్లల కథలు దాటగానే నేరుగా పెద్దవాళ్ళ నవలల్లో పడతారు, లేదంటే ఇంగ్లీషుకి వెళ్ళిపోతారు. కానీ రాద్దామనుకున్న వెంటనే అందరూ చేసేది టార్గెట్ పెట్టుకోవడం, రోజుకి వెయ్యి పదాలు, ఆర్నెల్లలో నవల, అలా. నేను చెప్పేది వేరే, ముందు చదవండి, ఏం రాయాలో చదివిన పుస్తకమే చెప్తుంది.

మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకుండా హాయిగా చదివేయండి. రెండోసారి మాత్రం పెన్సిల్ పట్టుకుని, కథలో ఏదైనా నిర్ణయం జరిగిన ప్రతిచోటా పక్కన గుర్తు పెట్టండి, పిల్లలు తీసుకుంటే సున్నా, పెద్దవాళ్ళు తీసుకుంటే ఇంటూ. సగం పుస్తకం దాటాక కూడా ఇంటూలే ఎక్కువ ఉన్నాయంటే, అది పిల్లల గురించి పెద్దవాళ్ళు రాసుకున్న కథ అన్నమాట, అందులోనూ మంచివి ఉంటాయి, కాకపోతే మనం రాయాలనుకుంటున్నది అది కాదు. చందమామలో 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియల్స్ ఈ కంటితో చూడండి, హీరోలు కుర్రాళ్ళు, చాలాసార్లు ఇద్దరు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి లాగ. ఆపదొస్తే పక్కన అమ్మా నాన్నా ఉండరు, ఇద్దరు కాబట్టి ఆలోచనంతా మాటల్లో బయటికొస్తుంది, రచయిత మధ్యలో దూరి వివరించాల్సిన పనే ఉండదు. పైగా నెలకో భాగం కాబట్టి ఎక్కడ ఆపాలో ఆయనకి బాగా తెలుసు. ఏ భాగమైనా తీసుకుని ఆఖరి పేరా మాత్రం చదివి, ఇక్కడ ఏ ప్రశ్న మిగిల్చారు అని ఒక్క లైన్ రాసుకోండి.

తర్వాత చూడాల్సింది కథలో ఉన్న పిల్లలకి తెలియనిది ఏంటి అని. ముళ్ళపూడి వెంకటరమణ గారి బుడుగు అమ్మానాన్నల్ని కూడా రాధ, గోపాళం అని పేర్లతోనే అంటాడు, చూసింది చూసినట్టు చెప్తాడు, పెద్దవాళ్ళ గొడవ వాడికి అర్థం కాదు గానీ మనకి అర్థమైపోతుంది. వాడికి తెలిసినదానికీ మనకి తెలిసినదానికీ మధ్య ఉన్న ఆ గ్యాప్‌లోనే అసలు కథంతా ఉంది. పదేళ్ళ లోపు పిల్లాడికి ఆ గ్యాప్ చాలా పెద్దది, పదహారేళ్ళ అమ్మాయికి చిన్నది, ఆ అమ్మాయికి దాదాపు అన్నీ తెలుసు, చేతిలో పవర్ మాత్రం లేదు. టీనేజ్ నవలకి ప్రాణం అదే అని నా నమ్మకం.

ఇప్పుడు గోల్స్. ఒక్కో పుస్తకం నుంచి ఒక్క పనే తీసుకోండి, దాన్ని సీన్‌గా రాసుకోండి. ఉదాహరణకి, పిల్లలే నిర్ణయం తీసుకోవాలి అన్నది నేర్చుకున్నారు కదా, ఈ వారం గోల్ ఇలా పెట్టుకోండి: ఇంటర్ హాస్టల్లో ఉన్న బైపీసీ అమ్మాయి, వీకెండ్ టెస్ట్‌లో మార్కులు బాగా తగ్గాయి, ఆదివారం ఫోన్ లైన్లో నిలబడింది, వెనక ఇంకా చాలామంది ఉన్నారు, అమ్మకి చెప్పాలా వద్దా. రెండు పేజీలు, వార్డెన్ రాకూడదు, లెక్చరర్ సలహా ఇవ్వకూడదు, ఫోన్ పెట్టేసేలోపు ఆ అమ్మాయే ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఇది రాయడం అనుకున్నంత ఈజీ కాదు, అమ్మ చేత ఒక మంచి మాట చెప్పించి ముగించేద్దామని చెయ్యి లాగేస్తూ ఉంటుంది, లాగనివ్వకండి.

పదాల లెక్క గురించి కూడా చెప్పాలి. 1999లో అమెరికాలో మొదలైన నానోరైమో (NaNoWriMo) అనే నెలరోజుల్లో నవల రాసే ఛాలెంజ్‌లో నెలకి 50,000 పదాలు టార్గెట్, అంటే రోజుకి 1,667. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడింది గానీ ఆ అంకె ఇంకా తిరుగుతూనే ఉంది, అది ఇంగ్లీషు లెక్క, తెలుగులో "రాకపోయేసరికి" అన్నది ఒక్క పదం, అదే అంకె పెట్టుకుంటే మీరు వాళ్ళకంటే చాలా ఎక్కువ రాయాల్సొస్తుంది, ఊరికే అలసిపోతారు. పేజీల్లో లెక్కేసుకోండి, లాంగ్ నోట్‌బుక్‌లో రోజుకో పేజీ చాలు. అవార్డు రావాలి, ఫలానావాళ్ళు పబ్లిష్ చెయ్యాలి లాంటివి మన చేతిలో లేవు, వాటిని గోల్స్ పేజీలో రాయకండి. పోటీ ఏదైనా ప్రకటిస్తే ఆ గడువు తేదీని మాత్రం వాడుకోండి, అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం తానా, మంచి పుస్తకం అనే ప్రచురణ సంస్థ కలిసి పిల్లల నవలల కోసం పోటీలు పెట్టాయి, అలాంటివి చూస్తూ ఉండండి.

నాలుగైదు సీన్లు అయ్యాక తెలిసిన టీనేజర్ ఎవరికైనా ఇవ్వండి. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనే అంటారు. పైకి చదవమనండి, ఎక్కడ నోరు తిరగలేదో ఆ మాట వాళ్ళది కాదు, మీది. లేదా వదిలేసి వెళ్ళిపోండి, ఎక్కడ ఆపి ఫోన్ తీశారో ఆ పేజీ నంబర్ కనుక్కోండి. వచ్చే వారం గోల్ ఆ పేజీనే.