కాలనీలో చిన్నపిల్లలకు సాయంత్రం ఆటలు నడపడం ఎలా?

ఏప్రిల్ ఆఖర్లో బడులకు సెలవులివ్వగానే గుంటూరులో ప్రతి పేటలోనూ ఎవరో ఒకరికి ఈ ఆలోచన వస్తుంది. పిల్లలు పొద్దస్తమానం ఫోన్లు పట్టుకుని కూర్చుంటున్నారు, సాయంత్రాలు పార్కులో ఆడిద్దాం అని. మంచిదే. ఆ వెంటనే ఫ్లెక్సీకి ఆర్డరిస్తారు, టీషర్టు రంగు మీద వాట్సాప్‌లో రెండ్రోజులు కొట్టుకుంటారు, ప్రారంభోత్సవానికి ఎవర్ని పిలవాలో తేలక ఇంకో రోజు పోతుంది. ఆటయ్యాక 30 మంది పసివాళ్లను ఎవరి చేతుల్లో ఎలా పెట్టాలన్న మాట మాత్రం ఒక్కరి నోట రాదు. మూడేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలతో వ్యవహారమంటే సగం పని అదే. అందుకని మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడికి వస్తాను.

చోటు, వేళ

పార్కు కార్పొరేషన్‌దైతే వార్డు ఆఫీసులో అర్జీ ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లారు వద్దు. కార్లు రివర్సు చేసే చోట పిల్లల్ని ఆడించడమేమిటి? ప్రహరీ, నీడ, దగ్గర్లో మరుగుదొడ్డి, ఈ మూడూ ఉండాలి. రెండు గేట్లుంటే ఒకదానికి తాళం పడాల్సిందే.

వేళ సాయంత్రం 5:15 నుంచి 6:30. పొద్దున్నయితే చల్లగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ సెలవుల్లో నాలుగేళ్లవాణ్ణి ఆరింటికి లేపి, మొహం కడిగి, పాలు తాగించి తెచ్చే ఓపిక ఎవరికుంది? రెండో వారానికి మీరూ వాచ్‌మనూ మిగులుతారు. మే నెలలో మనకు పొద్దుగూకేసరికి దాదాపు ఆరున్నర అవుతుంది కాబట్టి వెలుతురుండగానే పిల్లల్ని ఇళ్లకు పంపేయొచ్చు. ఐదింటికి కూడా ఇనుప జారుడుబల్ల కాలుతూనే ఉంటుంది. చేతి వెనకవైపు దానికి ఆనించి ఐదు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే ఆ రోజుకి బల్లకి అడ్డంగా తాడు కట్టేయండి. రోహిణి కార్తెలో వడగాలి తగ్గని రోజున ఆటలు లేవని చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు.

సామాను

సుద్దముక్కలు, పది టెన్నిస్ బంతులు, కొబ్బరితాడు, రెండు పాత చీరలు, ఒక లాంగ్ నోట్‌బుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను. కట్టకపోతే మూడో రోజుకి పెన్నుండదు. మజ్జిగ పల్చగా, ఉప్పు మాత్రమే వేసి తేవాలి. అల్లం, పచ్చిమిర్చి వేస్తే పిల్లలు ముట్టరు, పెద్దవాళ్లు బిందె ఖాళీ చేస్తారు. ఓఆర్ఎస్ పొడి నాలుగైదు ప్యాకెట్లు దగ్గరుండాలి. 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో కాస్త పొడి వేసి తిప్పి ఇచ్చే అలవాటు మానుకోండి.

బహుమతులు వద్దు. బహుమతి పెట్టిన రోజునే ఏడుపులు మొదలవుతాయి. మైకూ వద్దు. మైకు వద్దంటే ఎవరో ఒకరు రేడియో అన్నయ్య, అక్కయ్యల్ని గుర్తుచేస్తారు. రేడియోలో పిల్లల కార్యక్రమాలు నడిపిన ఆ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మైకు పిల్లలకిచ్చారు. పిల్లలే పాడారు, పిల్లలే మాట్లాడారు. మన పార్కుల్లో మైకు పట్టుకునేది పెద్దాయన, ఎండలో కూర్చుని వినేది పిల్లలు. రెండూ ఒకటెలా అవుతాయి?

ఎనిమిదిమంది పిల్లలకు ఒక పెద్దమనిషి చొప్పున ఉండాలి. మరుగుదొడ్డికి ఏ పిల్లనైనా ఒక్కరే తీసుకెళ్లకూడదు, ఇద్దరు వెళ్లాలి. ఆ ఇద్దరూ ఎంత మంచివాళ్లయినా సరే.

ఆటలు

మొదటిరోజు ‘వీరి వీరి గుమ్మడిపండు’ తప్ప ఇంకేమీ వద్దు. కళ్లు మూసిన పిల్ల, తట్టిందెవరో పేరు పెట్టి చెప్పాలి కదా. ఆట ముగిసేసరికి పిల్లలకే కాదు, మీకూ పేర్లు వచ్చేస్తాయి. ఐదేళ్లలోపు వాళ్లకి నేల-బండ, పైవాళ్లకి తొక్కుడుబిళ్ల. పాత చీర నాలుగు వైపులా పట్టుకుని బంతి ఎగరేయమంటే ఇరవై నిమిషాలు మీ జోలికి రారు. కుర్చీలాట లాంటివి పెట్టకండి. అవుటైనవాడు ఊరికే కూర్చోడు, గేటు వైపు నడుస్తాడు. దాగుడుమూతలు కూడా నేను ఒప్పుకోను. ఉన్న పిల్లల్ని లెక్కపెట్టుకోవడానికే తల ప్రాణం తోకకొస్తుంటే, దాచిపెట్టి మరీ వెతకడం దేనికి?

అప్పగించడం

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

వచ్చేటప్పుడు పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. వెళ్లేటప్పుడు అందరూ ఒకేసారి వెళ్తారు. ఆరున్నరకి గేటు ముందు పాతిక బళ్లు ఆగుతాయి, సగం స్టార్టులోనే ఉంటాయి. “బన్నీ, రా నాన్నా!” అని ఒక తల్లి కేకేస్తుంది, ఇద్దరు బన్నీలు పరిగెడతారు. ఒకడు తల్లిని చేరతాడు. రెండోవాడు గేటు దాటి అటూ ఇటూ చూస్తుంటాడు. లోపలున్నవాళ్లు వాళ్లమ్మ తీసుకెళ్లిందనుకుంటారు, వాళ్లమ్మ ఇంకా లోపలే ఉన్నాడనుకుంటుంది. గొడవలన్నీ ఈ సందులోనే పుడతాయి. దీన్ని మైకులో పేర్లు పిలిచి నడిపేవాళ్లున్నారు. “చింటూ వాళ్ల అమ్మగారొచ్చారు” అని అరిస్తే ఏ చింటూ? బ్రాడీపేట ఒక్క అడ్డరోడ్డులోనే నలుగురుంటారు.

కాబట్టి పని మొదటిరోజు నోట్‌బుక్కు దగ్గరే మొదలవ్వాలి. పిల్లకొక పేజీ. బడిపేరు ఇంటిపేరుతో సహా, దాని పక్కనే ముద్దుపేరు. మూడేళ్లవాడికి తన అసలు పేరు తెలియకపోవచ్చు. కింద, తీసుకెళ్లడానికి వచ్చే ముగ్గురి పేర్లు, వరస, ఫోన్ నంబర్లు. ‘తాతయ్య’ అని రాసి వదలకండి, తాతయ్యలు ఇద్దరుంటారు. ఆ కిందే ఎవరికి ఇవ్వకూడదో రాసుకోవాలి. ఈ ప్రశ్న పదిమందిలో అడగొద్దు. విడిగా ఉంటున్న భార్యాభర్తలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పక్కకు పిలిచి అడగండి, చెప్పింది రాసుకోండి, ఎందుకని అడక్కండి.

ఇక సాయంత్రం జరగాల్సిన తీరు. 6:15కి ఆట ఆపేసి పిల్లల్ని గేటుకి ఇరవై అడుగుల లోపల సుద్దగీత మీద కూర్చోబెట్టాలి. గేటుకి వీపు చేసి కూర్చోవాలి, ఎదురుగా కాదు. అమ్మ కనబడితే ఏ పిల్లా ఆగదు. వాళ్ల ముందు ఒకరు కూర్చుని చప్పట్లు కొడుతూ పాటో పద్యమో చెప్పిస్తూ ఉండాలి. కథ చెప్పకండి, సగంలో లేవాల్సినవాడు రాగం తీస్తాడు. గేటు దగ్గర అడ్డంగా తాడు కట్టండి, తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దవాళ్లు దానికి అవతలే ఉండాలి. తాడు దాటి ఒక్కరిని రానిచ్చినా ఆ సాయంత్రం పోయినట్టే.

గేటు దగ్గర నోట్‌బుక్కుతో ఒక్క మనిషి. ఆ మనిషికి ఇంకో పని చెప్పొద్దు. ఫోన్లు మాట్లాడటం, చందాలు తీసుకోవడం, రేపటి మజ్జిగ ఎవరిదో తేల్చడం అన్నీ తర్వాత. వచ్చినవాళ్లు పిల్ల పేరు చెప్తారు. గేటు మనిషి పేజీ తీసి పేరు కలిస్తేనే చెయ్యెత్తాలి. లోపలి మనిషి ఆ ఒక్క పిల్లనే లేపి నడిపించాలి. పరుగు లేదు. పిల్ల గేటు దగ్గరికొచ్చాక “ఎవరొచ్చారమ్మా నీకోసం?” అని అడగాలి. “అమ్మమ్మ” అంటుంది. అమ్మమ్మ చేతిలో పిల్ల చెయ్యి పడ్డాకే టిక్కు. పిల్ల నడిచొస్తుంటే ముందే టిక్కు పెట్టేవాళ్లని చూశాను. వాళ్లకి పెన్ను ఇవ్వకండి.

పేజీలో లేని మనిషి వస్తే? “వాళ్లమ్మకి పనుంది, నన్ను తీసుకురమ్మంది” అంటారు. తొంభైతొమ్మిది సార్లు నిజమే అయ్యుంటుంది. అయినా ఫోన్ చేయాల్సిందే. ఆ వచ్చినాయన కలిపిచ్చిన ఫోన్‌లో కాదు, ఆయన చదివి చెప్పిన నంబరుకీ కాదు, మీ పేజీలో ఉన్న నంబరుకి మీ ఫోన్‌లోంచి. అవతల ఎత్తకపోతే పిల్ల గీత మీదే కూర్చుంటుంది. వాట్సాప్ గ్రూపులో “మా పాపని పక్కింటి ఆంటీతో పంపండి” అని పెట్టినా చెల్లదని మొదటిరోజే చెప్పండి. ఆ టైములో గ్రూపు ఎవరు చూస్తారు?

అక్కలు, అన్నలు వస్తారు. పదో తరగతి దాటనివాళ్ల చేతిలో పెట్టొద్దు. నాలుగో తరగతి అక్క ఇంట్లో తమ్ముణ్ణి ఎంత బాగా చూసుకున్నా, అరండల్‌పేట రోడ్డు దాటించడం వేరే.

అసలు కష్టం మొహమాటం. రోజూ కనబడే మనిషిని, పైగా పెద్దాయన్ని, గేటు దగ్గర ఆపి పేరడిగితే “నన్నే ఆపుతావా అమ్మాయ్?” అంటాడు. ఆ మాటకి గేటు మనిషి మెత్తబడితే ఇక పుస్తకానికి విలువ ఉండదు. దీనికి నా దగ్గరున్న మందు ఒక్కటే. మొదటిరోజు అందరూ చూస్తుండగా గేటు మనిషి తన సొంత భర్తనో మామగారినో ఆపాలి. ముందే చెప్పిపెట్టండి, పేజీలో ఆయన పేరు రాయకండి. “మామయ్యగారూ, మీ పేరు ఇందులో లేదండీ, అత్తయ్యగారికి ఫోన్ చేస్తాను, ఒక్క నిమిషం” అని ఆయన్ని బండి దగ్గరే నిలబెట్టాలి. చూసినవాళ్లు నవ్వుకుంటారు. మర్నాటి నుంచి ఎవరికీ పౌరుషం రాదు. ఫ్లెక్సీలు, టీషర్టుల కంటే ఈ నాటకానికి ఫలితం ఎక్కువ.

గాలిదుమారం లేచిన రోజు, కరెంటు పోయిన రోజు “ఇవాళ్టికి వదిలేయండి మేడమ్, వానొస్తోంది” అంటారు. సరిగ్గా ఆ రోజే వదలకూడదు. గీతని షెడ్డు కిందికి మార్చండి, చెట్ల కింద ఎవర్నీ నిలబడనివ్వకండి, వరస మాత్రం అదే. తడిసినవాళ్లు తడుస్తారు.

ఆఖరి పిల్ల

రోజూ ఎవరో ఒకరు మిగులుతారు. అప్పుడు ఇద్దరు పెద్దలు ఆగాలి. వాచ్‌మన్‌కి చెప్పి వెళ్లిపోవడం, పిల్లని మీ ఇంటికి తీసుకెళ్లడం రెండూ కూడదు. పేజీలోని మూడు నంబర్లూ ప్రయత్నించండి. ఒక్కరూ దొరక్క చీకటి పడితే ఎమర్జెన్సీ నంబరు 112కి గానీ పిల్లల సహాయ నంబరు 1098కి గానీ చెప్పాలి. ఈలోగా “మీ అమ్మ నిన్ను మర్చిపోయింది, ఇక మా ఇంటికొచ్చేయ్” అని ఆటపట్టించే సరదా మనకు బాగా ఉంది. పెద్దవాళ్లకది జోకు, ఆ పిల్లకి కాదు. చేతికి సుద్దముక్క ఇచ్చి నేల మీద గీయమనండి. ఆలస్యంగా వచ్చిన తండ్రిని పిల్ల ముందు దులపకండి, రాత్రికి ఫోన్ చేసి దులపండి.

జూన్ 12 ప్రాంతంలో బడులు తెరిచే ముందు ఇంకో మాట. మే మొదలయ్యాక అడ్మిషన్ల కోసం స్కూళ్ల పీఆర్వోలు వీధులు తిరుగుతుంటారు. మీ నోట్‌బుక్కులో పిల్లల వయసులు, తల్లిదండ్రుల పేర్లు, నంబర్లు అన్నీ ఉన్నాయని వాళ్లకి తెలుసు. “ఒక్కసారి ఫొటో తీసుకుంటామండీ, మీ ప్రోగ్రామ్‌కి మేం కుర్చీలు స్పాన్సర్ చేస్తాం” అంటారు. కుర్చీలు మనకు అక్కర్లేదు, పిల్లలు నేల మీదే కూర్చుంటారు. ఆఖరి రోజు సాయంత్రం ఆ పేజీలు ఏ పిల్లవి ఆ పిల్ల తల్లికే చింపి ఇచ్చేయండి. అట్ట, మిగిలిన తెల్ల కాగితాలు వచ్చే ఏడాదికి పనికొస్తాయి.