డిస్కు మౌంట్ అవ్వట్లేదా? ఫార్మాట్ జోలికి వెళ్లకముందు ఇవి చూడండి

ఇంట్లో సర్వర్ పెట్టుకున్నోళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఇది తప్పదు. కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేస్తుంది, మిగతా డిస్కులన్నీ బానే ఉంటాయి, ఒకదాని పక్కన మాత్రం అన్‌మౌంటబుల్ (అంటే తెరిచి వాడలేం) అని వస్తుంది, కింద ఫార్మాట్ అని ఒక బటన్ కూడా ఉంటుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి. మౌంట్ అవ్వలేదంటే ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే లెక్కల్లో (దీన్నే ఫైల్ సిస్టమ్ అంటారు) తేడా వచ్చి సిస్టమ్ చదవలేకపోతోందని, లేదా డిస్కు సరిగ్గా అందట్లేదని. ఫైళ్లు చాలాసార్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వాటి మీద మనం కొత్తగా ఏమీ రాయనంతవరకే ఆ మాట నిజం.

విజయనగరంలో మా పిన్ని కొడుక్కి ఫోటో స్టూడియో ఉంది, పెళ్లిళ్లవీ సిరిమానోత్సవానివీ ఏళ్ల తరబడి తీసినవన్నీ అన్‌రెయిడ్ అనే హోమ్ సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన ఒక పాత పీసీలో పెట్టుకున్నాడు. ఓ రోజు ఫోన్ చేసి "అన్నా, ఇదేదో ఫార్మాట్ అడుగుతోంది, కొట్టీమంటావేటి? పేరిటీ డిస్కు ఉంది కదా, దాన్నుంచి మళ్లీ వచ్చీదేనా?" అన్నాడు. "రాదురా, మౌస్ వదిలీ, నేనొస్తన్నాను" అన్నాను. చాలామంది ఇక్కడే పొరబడతారు గనక ఇది కొంచెం వివరంగానే చెప్తాను. పేరిటీ అన్నది బ్యాకప్ కాదు, డిస్కులన్నిటి మీదున్న బిట్లు కలిపి కట్టిన లెక్క, ఆ బిట్లు ఫోటోలో చెత్తో దానికి తెలీదు. ఫైల్ సిస్టమ్ పాడైతే సాధారణంగా ఆ పాడు కూడా పేరిటీలోకి ఎక్కేసే ఉంటుంది, కొత్త డిస్కు కొని పేరిటీ నుంచి రీబిల్డ్ చేసినా (అంటే డిస్కుని మళ్లీ నింపినా) అదే అన్‌మౌంటబుల్ డిస్కు అచ్చుగుద్దినట్టు దిగుతుంది. ఇక ఫార్మాట్ కొడితే ఇది ఖాళీ డిస్కు అన్న సంగతి కూడా అప్పటికప్పుడే పేరిటీలోకి వెళ్లిపోతుంది, ఆ తర్వాత ఎన్నిసార్లు రీబిల్డ్ చేసినా ఖాళీ డిస్కే వస్తుంది. డిస్కు మొత్తంగా చచ్చిపోయినప్పుడు పనికొచ్చేది పేరిటీ, ఫైల్ సిస్టమ్ చెడినప్పుడు కాదు.

సరే, ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి. డిస్కుదా, వైరుదా, ఫైల్ సిస్టమ్‌దా? టెర్మినల్లో డీమెసేజ్ (dmesg) కమాండ్ కొడితే సిస్టమ్ రాసుకున్న సందేశాలు వస్తాయి, వాటి చివరి లైన్లు చదవండి, రీస్టార్ట్ చేస్తే అవి పోతాయి కాబట్టి ముందే ఒక ఫైల్లోకి కాపీ చేసుకుని పెట్టుకోండి. అందులో ఐ/ఓ ఎర్రర్ అనీ లింక్ రీసెట్ అనీ వరసగా కనిపిస్తుంటే ఫైల్ సిస్టమ్ సంగతి తర్వాత, ముందు హార్డ్‌వేర్ చూడాలి. సూపర్‌బ్లాక్ (ఫైల్ సిస్టమ్ ముఖ్య వివరాలుండే చోటు) అనో లాగ్ అనో మాత్రమే కనిపిస్తుంటే ఫైల్ సిస్టమ్ మీద అనుమానం పెట్టుకోవచ్చు.

తర్వాత స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే పట్టిక. అంత పెద్ద పట్టిక చూసి కంగారు పడక్కర్లేదు, నాలుగు నంబర్లు చాలు, 5, 197, 198, 199, వాటిలో చివరన ఉండే రా వాల్యూ చూడండి. 199 అంటే డిస్కుకీ బోర్డుకీ మధ్య డేటా వెళ్లే దారిలో వచ్చిన తప్పులు, ఎక్కువసార్లు సాటా కేబులే కారణం, కేబుల్ మార్చినా ఆ అంకె వెనక్కి రాదు, మార్చాక ఇంకా పెరుగుతోందా లేదా అన్నదే చూసుకోవాలి. మన కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రం గాలికి కనెక్టర్లు తుప్పుపట్టడం మామూలే గనక సర్వర్ ఆపేసి, కేబుళ్లు రెండువైపులా తీసి, కొత్త కేబుల్ వేరే పోర్టులో పెట్టి చూడండి. 197, 198 సున్నా కాకపోతే మాత్రం డిస్కు మీద చదవలేని చోట్లున్నాయని, 5 పెరుగుతూ పోతుంటే చెడిన చోట్లకి బదులు స్పేర్ సెక్టార్లు వాడేసుకుంటోందని.

అలాంటి డిస్కు మీద రిపేర్ కమాండ్ నడపొద్దు. రిపేర్ అంటే డిస్కంతా తిరగడం, చాలా చోట్ల మళ్లీ రాయడం, చావు దగ్గరపడ్డ డిస్కుకి అదే ఆఖరి దెబ్బ అవ్వొచ్చు. అంతే సైజు లేదా పెద్ద డిస్కు ఇంకోటి తెచ్చి జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో క్లోన్ (ఉన్నదున్నట్టు కాపీ) చేసుకోండి, మ్యాప్ ఫైలు పేరు తప్పకుండా ఇవ్వండి, అదుంటే మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటునుంచే మొదలుపెడుతుంది. ఏది పాతది ఏది కొత్తదన్నది సీరియల్ నంబర్ చూసి రెండుసార్లు సరిచూసుకోండి, తిరగేసి ఇస్తే ఖాళీ డిస్కు మీ డేటా మీదకి కాపీ అయిపోతుంది. ఇక మిగతా ప్రయోగాలన్నీ క్లోన్ మీదే. క్లిక్ క్లిక్ అని చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లకి ఇవ్వడమే మంచిది, ఇంట్లో విప్పకండి.

హార్డ్‌వేర్ బాగుంటే అప్పుడు ఫైల్ సిస్టమ్. అన్‌రెయిడ్‌లో ఎర్రే (డిస్కులన్నీ కలిపిన గుంపు) ఆపి మెయింటెనెన్స్ మోడ్‌లో స్టార్ట్ చేసి ఆ డిస్కు పేజీలో చెక్ నడపండి, ఆప్షన్ బాక్సులో హైఫన్ ఎన్ ఉంటుంది, అంటే చూసి చెప్తుంది గాని ఏదీ మార్చదు. మొదటిసారి దాన్ని తీసేయకండి. కమాండ్ చేత్తో కొట్టేవాళ్లయితే డిస్కుకి ఎండీతో మొదలయ్యే పేరే వాడాలి, ఎస్‌డీ పేరు వాడితే మార్పులు పేరిటీకి తెలియకుండా జరిగిపోతాయి. ఇంకో సంగతి, ఎక్స్‌ఎఫ్‌ఎస్ (ఒక రకం ఫైల్ సిస్టమ్) రిపేర్ మొదట్లోనే బ్యాడ్ మ్యాజిక్ నంబర్ అని చెప్పి సెకండరీ సూపర్‌బ్లాక్ వెతుకుతూ స్క్రీన్ నిండా చుక్కలు పెట్టుకుంటూ గంటల తరబడి కూర్చుందంటే, చాలాసార్లు మీరు పార్టిషన్ పేరు ఇవ్వకుండా మొత్తం డిస్కు పేరు ఇచ్చారని అర్థం. ఆపి, పేరు చివర పార్టిషన్ అంకె ఉందో లేదో చూడండి.

ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో లాగ్ రీప్లే చెయ్యాలి అని ఆగిపోతే కంగారుపడి పెద్ద ఎల్ ఆప్షన్ ఇచ్చేయకండి. కిరాణా కొట్లో రోజంతా చిట్టాలో రాసి రాత్రికి పెద్ద పుస్తకంలో ఎక్కించినట్టు ఫైల్ సిస్టమ్ కూడా మార్పుల్ని ముందు లాగ్‌లో రాసుకుంటుంది, పెద్ద ఎల్ ఆ చిట్టాని చించేస్తుంది. ముందు ఒకసారి మామూలుగా మౌంట్ చెయ్యడానికి చూడండి, మౌంట్ అయితే లాగ్ దానంతటదే ఎక్కుతుంది, ఎంతకీ అవ్వకపోతేనే ఎల్. రిపేర్ అయ్యాక పేర్లు పోయిన ఫైళ్లు లాస్ట్ అండ్ ఫౌండ్ ఫోల్డర్లో అంకెల పేర్లతో ఉంటాయి, అక్కడ కూడా వెతకండి. మావాడి ఫోటోలు కొన్ని అక్కడే దొరికాయి, ఫోటో లోపల తీసిన తేదీ ఉంటుంది గనక సర్దుకోవడం పెద్ద కష్టం కాలేదు.

ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 రకం అయితే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే కమాండ్, ముందు హైఫన్ ఎన్‌తోనే. సూపర్‌బ్లాక్ పోయిందంటే నకళ్లు ఉంటాయి, 4కే బ్లాకులున్న డిస్కులో మొదటి నకలు సాధారణంగా 32768 దగ్గర, హైఫన్ బీతో ఆ అంకె ఇవ్వండి. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రకంలో మాత్రం రిపేర్ ఆఖరి మార్గం, ముందు రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి చూడండి, కుదరకపోతే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రిస్టోర్‌తో ఫైళ్లు వేరే డిస్కులోకి లాక్కోండి. ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి వేరే సర్వర్ సిస్టమ్‌లు అసలు బూటే అవ్వకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతే ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ మౌంట్ చెయ్యాలో రాసుండే ఫైల్లో) ఉన్న యూయూఐడీ, అంటే డిస్కు గుర్తింపు నంబరూ, బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించేదీ ఒకటేనా అని పోల్చండి. యూఎస్‌బీ డబ్బాలోంచి తీసి నేరుగా సాటాకి పెట్టిన డిస్కు మౌంట్ అవ్వకపోతే మళ్లీ అదే డబ్బాలో పెట్టి చూడండి, కొన్ని డబ్బాలు సెక్టార్ సైజు మార్చి చూపిస్తాయి.

డేటా చేతికొచ్చిన రోజే యూపీఎస్ సంగతి తేల్చేసుకోండి. 2014లో హుద్‌హుద్‌కీ 2018లో తిత్లీకీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కరెంటు ఎన్ని రోజులు లేదో అందరికీ గుర్తే, అలాంటప్పుడు ఏ బ్యాటరీ అయినా అయిపోతుంది, మనకి కావలసింది అయిపోయే లోపు సర్వర్ తనంతట తానే షట్‌డౌన్ అవ్వడం. అందుకే వెనక యూఎస్‌బీ డేటా పోర్టున్న యూపీఎస్ తీసుకోండి, పోర్టు లేని చౌక రకం కరెంటు పోయిందని సర్వర్‌కి చెప్పలేదు. సర్వర్ ఇంటి ఇన్వర్టర్ మీదే ఉంటే దాని స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే రీస్టార్ట్ అయిపోవచ్చు. అన్నీ పెట్టాక యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి పీకి సర్వర్ నిజంగా ఆగుతుందో లేదో దగ్గరుండి చూడండి, అక్టోబర్ తుపాన్లు మొదలవ్వకముందే.